ఇంట్లో బార్ పెట్టుకోవడం ఎలా? సీసాలు తర్వాత, ముందు ఐసు సంగతి చూడండి

బెంగళూరులో మన తెలుగువాళ్ల ఇళ్లలో నేను చూసిన బార్లు దాదాపు అన్నీ ఒకే అచ్చు. హాల్లో అద్దాల బీరువా, లోపల నీలిరంగు దీపం, విదేశాల నుంచి వచ్చిన ప్రతిసారీ తెచ్చిన సీసాల వరుస. వాటి అట్టపెట్టెలు కూడా పారేయరు, పక్కనే నిలబెడతారు. ఆ ఆరేడు వేల రూపాయల సరుకును గ్లాసులో పోసి, ఫ్రిజ్‌లోంచి ప్లాస్టిక్ ట్రే తీసి, గట్టు మీద టపటపా కొట్టి, తెల్లగా పాలిపోయిన నాలుగు ముక్కలు వేసి చేతికిస్తారు. మొదటి గుక్కకే పుదీనా పచ్చడి వాసన.

ఇతరులను అనడమెందుకు, నా మొదటి విందులో జరిగింది అంతకంటే ఘోరం. అంతకు ముందు ఆదివారం కొన్న కొరమీను సగం డీప్ ఫ్రీజర్‌లోనే ఉంది. మా బావ ఒక గుక్క తాగి, గ్లాసు కళ్ల ముందుకు ఎత్తి చూసి, "ఇందులో పులుసు కూడా పోశావా?" అన్నాడు. నవ్వాడు కానీ రెండో గ్లాసు అడగలేదు. ఆ రాత్రి నుంచి నేను సీసాల మీద పెట్టే ధ్యాసలో సగం ఐసు మీద పెడుతున్నాను. కింద రాసిందంతా ఆ క్రమంలో నేర్చుకున్నదే.

చోటు

దీని గురించి ఎక్కువ ఆలోచించకండి. ఎండ పడని అల్మారాలో ఒక అర చాలు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, చెన్నైలా ఉడికిపోదు కాబట్టి సీసాలకు ప్రత్యేకంగా చల్లదనం అక్కరలేదు. వెలుతురు మాత్రం పడకూడదు. కిటికీ పక్కన పెట్టిన సీసాలో రంగూ పోతుంది, రుచీ పోతుంది. ఫ్రిజ్ నెత్తి మీద పెట్టడం కూడా తప్పే, అక్కడ రోజంతా వెచ్చగా ఉంటుంది. విస్కీ సీసాలను నిలబెట్టాలి. బిరడా ఉన్న వైను సీసాలను పడుకోబెట్టాలి. అంతే.

సీసాలు అయిదు

ఆరోది కొనాలనిపిస్తే ఈ అయిదింటిలో ఒకటి అయిపోయే దాకా ఆగండి. ఇది నా ఇంటి నియమం, మీరూ పాటించండి.

ఒక విస్కీ. బెంగళూరులో ఉంటూ అమృత్ కొనకపోతే ఈ ఊళ్లో ఉండి ఏం లాభం? 1948లో ఇక్కడే మొదలైన కంపెనీ అది. తన సింగిల్ మాల్ట్‌ను, అంటే ఒకే బట్టీలో మొలకెత్తిన బార్లీతోనే చేసిన విస్కీని, 2004లో తీసుకెళ్లి ఏకంగా స్కాట్లండ్‌లోని గ్లాస్గోలోనే మొదట అమ్మకానికి పెట్టింది. స్కాట్లండ్‌లో పీపాలో ఉన్న విస్కీ ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతే, ఇక్కడి వేడికి పది శాతం పైనే పోతుంది. అందుకే మన మాల్టు తక్కువ ఏళ్లలోనే పక్వానికి వస్తుంది. సీసా మీద వయసు రాయలేదని దాన్ని తక్కువ చేసే పెద్దమనుషులు ఈ లెక్క ఒకసారి చూడాలి. దాని బదులు మరేదైనా పెట్టుకుంటానంటే మీ ఇష్టం, ఆ జోలికి నేను రాను.

ఒక నల్లరమ్ము. ఓల్డ్ మాంక్ ఉంటే ఇక వెతకక్కరలేదు. ఒక జిన్, గోవాలో తయారయ్యేవి ఇప్పుడు బాగున్నాయి. ఒక తీపి వెర్మూత్. ఒక చిన్న సీసా అంగొస్తురా బిట్టర్స్, అంటే చేదు మూలికల సారం, చుక్కల్లో వాడతాం కాబట్టి ఏళ్ల తరబడి వస్తుంది. వోడ్కా అవసరం లేదు. దానికి సొంత రుచి లేదు, పండ్లరసంలో దాచి తాగడానికి తప్ప పనికిరాదు.

వెర్మూత్ గురించి ఒక్క మాట. అది సారా కాదు, బలం పెంచిన వైను. మూత తీశాక అల్మారాలో పెడితే మూడు నాలుగు వారాల్లో పులిసిన ద్రాక్షరసంలా మారుతుంది. మూత తీసిన రోజు నుంచి ఫ్రిజ్‌లో పెట్టాలి, రెండు నెలల్లో ఖాళీ చేయాలి. రెండేళ్లుగా తెరిచి ఉన్న వెర్మూత్‌ను బీరువాలోంచి గర్వంగా తీసి చూపించిన ఇళ్లు నేను కనీసం నాలుగు చూశాను.

కొనేటప్పుడు రెండు సంగతులు. కర్ణాటకలో మద్యం కొనాలంటే 21 ఏళ్లు నిండి ఉండాలి. ఇంట్లో ఎంత నిలవ ఉంచుకోవచ్చన్న దానికీ ఎక్సైజు శాఖ పరిమితి ఉంది, కాబట్టి పెళ్లికి కొన్నట్టు డజన్లు కొనకండి. పోలింగ్ ముగియడానికి ముందు 48 గంటలు దుకాణాలు మూసేస్తారు, గాంధీ జయంతి రోజున కూడా మూసే ఉంటాయి. ముందు రోజు సాయంత్రం ఎం.ఆర్.పి. కొట్టు (సీసా మీద ముద్రించిన ధరకే అమ్మే మద్యం దుకాణం) ముందు వరసలో నిలబడేవాళ్లను చూస్తే జాలేస్తుంది. ఇక అనంతపురం నుంచి, చిత్తూరు నుంచి ఫోను చేసి "వస్తూ రెండు సీసాలు పట్టుకురా" అనే చుట్టాలకు నేను ఎప్పుడూ ఒకటే చెబుతాను: ఇక్కడికి రండి, ఇక్కడే పోస్తాను. సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర సంచి విప్పి చూపించే సరదా నాకు లేదు.

సామాను

30, 60 మిల్లీలీటర్ల కొలత గిన్నె, మూత గట్టిగా పట్టే స్టీలు షేకరు, పొడుగు చెంచా, నిమ్మకాయ పిండేది, టీ వడపోత. అడుగు మందంగా ఉన్న పొట్టి గ్లాసులు ఆరు, పొడుగు గ్లాసులు ఆరు. కొలత గిన్నె లేకుండా చేతివాటంగా పోసేవాళ్లు మూడో గ్లాసుకు వచ్చేసరికి ఎంత పోస్తున్నారో వాళ్లకే తెలియదు. రాతి ముక్కలను ఫ్రీజర్‌లో పెట్టి గ్లాసులో వేసుకునే పెట్టె ఎవరైనా బహుమతిగా ఇచ్చి ఉంటే, మరొకరికి బహుమతిగా ఇచ్చేయండి. ఎందుకో కింద చెబుతాను.

ఐసు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

బడిలో చదువుకున్న గుప్తోష్ణం గుర్తుందా? ఒక గ్రాము మంచు కరగడానికి 80 కెలోరీల వేడి కావాలి. ఆ వేడిని అది మీ గ్లాసులోంచే లాక్కుంటుంది. అంటే విస్కీని చల్లబరిచేది మంచు చల్లదనం కంటే ఎక్కువగా అది కరగడమే. రాయి కరగదు. అంతే బరువున్న రాయి లాక్కునే వేడి మంచు లాక్కునేదానిలో పదోవంతు కూడా ఉండదు. అయితే మంచు కరిగితే నీళ్లు కూడా దిగుతాయి. చిన్న ముక్కలు నాలుగు వేస్తే గాలి, సారా తగిలే ఉపరితలం ఎక్కువ కాబట్టి గబగబా కరిగి అయిదు నిమిషాల్లో గ్లాసు పలచబడుతుంది. అదే బరువున్న ఒక్క పెద్ద ముక్క వేస్తే నింపాదిగా కరుగుతుంది. కాబట్టి పెద్ద ముక్క కావాలి, అది తెల్లగా కాకుండా గాజులా ఉండాలి. తెల్లదనమంటే లోపల చిక్కుకున్న గాలి బుడగలు. బుడగలున్న ముక్క సారా తగలగానే చిట్లుతుంది, చిట్లిందంటే మళ్లీ చిన్న ముక్కలే.

నీళ్లను రెండుసార్లు మరిగిస్తే ఐసు గాజులా వస్తుందని చెప్పేవాళ్లు ఉన్నారు. నేను మరిగించాను. ఒకసారి, రెండుసార్లు, పంతానికి మూడుసార్లు కూడా. తెలుపు కొద్దిగా తగ్గిందే తప్ప పోలేదు. తప్పు నీళ్లది కాదు, ట్రేది. ట్రేలో నీళ్లు అన్ని వైపుల నుంచీ ఒకేసారి గడ్డకడతాయి. గడ్డకట్టే నీరు తనలోని గాలినీ లవణాలనూ ముందుకు నెట్టుకుంటూ పోతుంది. అన్ని వైపుల నుంచీ నెడితే అవి పోయేదెక్కడికి? నడిమధ్యలో ఇరుక్కుంటాయి. ఒక్క వైపు నుంచే, అంటే పై నుంచి కిందికి గడ్డకట్టేలా చేస్తే ఆ చెత్తంతా అడుగుకు చేరుతుంది, పైనంతా తేటగా ఉంటుంది.

దానికి కావలసింది థర్మోకోల్ పెట్టె. కొనకండి. మీ వీధిలోని మందుల కొట్టుకు ఇన్సులిన్ అలాంటి పెట్టెల్లోనే వస్తుంది. అడిగితే ఊరికే ఇస్తారు, మా కొట్టతను నన్ను చూడగానే లోపలి నుంచి తెచ్చి పెడతాడు. అందులో బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా ఒకటి దించండి. పక్కలా అడుగునా థర్మోకోల్ ఉంటుంది, పైన మాత్రం మూత ఉండకూడదు. బయటి పెట్టె మూతా వద్దు, లోపలి డబ్బా మూతా వద్దు. మూత పెట్టారంటే ఇంతసేపు చెప్పిందంతా వృథా.

ఆర్.ఓ. ఫిల్టరు నీళ్లు పోయండి. కావేరి నీళ్లు వచ్చే పేటల్లో కొళాయి నీళ్లు కాచి వాడినా ఫరవాలేదు గానీ, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు. మీ కెటిల్ అడుగున పేరుకున్న సున్నపు పొర చూడండి, అదే మీ గ్లాసు అడుగున తెల్లని పొట్టులా చేరుతుంది. డబ్బా అంచుకు రెండు వేళ్ల కిందికి ఆపేయండి. గడ్డకడితే నీరు సుమారు 9 శాతం పెరుగుతుంది.

పెట్టేముందు ఫ్రీజర్ ఖాళీ చేయండి. పూర్తిగా. చేపలు, మాంసం, కొబ్బరి తురుము, వెల్లుల్లి ముద్ద, అన్నీ. మూత లేని నీళ్లు ఇరవై గంటల పాటు పక్కనున్న ప్రతి వాసననూ పీల్చుకుంటాయి. ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోతే వాళ్ల సరుకునంతా గాలి చొరని డబ్బాల్లో సర్దండి, సర్దే పని మీరే చేయండి. అప్పుడే ఒప్పుకుంటారు.

ఇప్పుడు అందరూ చెడగొట్టే ఘట్టం: ఎప్పుడు తీయాలి? రాత్రి పది గంటలకు పెడితే మర్నాడు సాయంత్రం నాలుగుకు ఒకసారి చూడండి. డబ్బాను మెల్లగా వంచితే పైన గట్టిగా ఉండి, కింద నీళ్లు కదిలిన చప్పుడు రావాలి. ఆ చప్పుడే మీకు కావలసింది. పై మంచు నాలుగు వేళ్ల మందం ఉంటే తీసేయండి. "ఇంకాస్త గట్టిపడనీ" అనుకుని రాత్రి దాకా వదిలేస్తే అడుగు నీళ్లు కూడా గడ్డకట్టి, తప్పించుకునే దారిలేక డబ్బాను ఉబ్బిస్తాయి, ఒక్కోసారి పగలగొడతాయి. తెలుపంతా గడ్డకు అంటుకుపోతుంది. మధ్యలో కరెంటు పోయి గంటసేపు రాలేదనుకోండి, ఆ గంటను కలిపి లెక్కవేయండి. ఊరికే తలుపు తీసి చూడొద్దు, చూసిన ప్రతిసారీ పది నిమిషాలు వెనక్కి పోతారు.

తీశాక డబ్బాను సింకులో బోర్లించి వదిలేయండి. కొట్టకండి, వేడినీళ్లు పోయకండి. అయిదారు నిమిషాల్లో గడ్డ తనంతట తానే జారుతుంది, అడుగున మిగిలిన నీళ్లు వాటంతట అవే కారిపోతాయి. అప్పుడు దాని మీద పొగమంచులా తెల్లని నూగు ఉంటుంది. చూసి నిరుత్సాహపడకండి. తువాలు మీద పెట్టి పది, పదిహేను నిమిషాలు ఆగండి. నూగు కరిగి, గడ్డ కింద ఉన్న తువాలు గళ్లు ఒక్కొక్కటే కనబడతాయి. మొదటిసారి అలా కనబడినప్పుడు నేను ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

గళ్లు కనబడే దాకా కత్తి పెట్టకూడదు. ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే కొడితే గడ్డ తనకు నచ్చినట్టు పగులుతుంది. రంపపు పళ్లున్న బ్రెడ్డు కత్తితో గీత గీయండి, మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతు, చుట్టూ నాలుగు వైపులా. గీతలో కత్తి నిలిపి, వీపు మీద అప్పడాల కర్రతో ఒక్కటి తట్టండి. తట్టడమే, బాదడం కాదు. గీత వెంటే తెగుతుంది. తెగకపోతే గీత లోతు చాలలేదని అర్థం, బలం చాలలేదని కాదు. రెండో చెయ్యి గడ్డకు అవతల ఉండాలి, కత్తి దారిలో కాదు. రెండు గ్లాసులు తాగాక ఈ పని మొదలుపెట్టవద్దు.

వచ్చిన ముక్కలను ఒకదానికొకటి తగలకుండా పళ్లెంలో పేర్చి ఒక గంట ఫ్రీజర్‌లో ఉంచి, తర్వాత సంచిలో వేసి మూతి బిగించండి. శనివారం విందైతే గురువారం రాత్రి నీళ్లు పోయాలి. అప్పటికప్పుడు అయ్యే పని కాదు.

నిమ్మ, పాకం

చక్కెర ఒక గ్లాసు, నీళ్లు ఒక గ్లాసు, కరిగే దాకా వేడి చేసి దించేయండి. తీగ పాకం రానివ్వకండి, అరిసెలు చేయడం లేదు. ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంటుంది. నిమ్మకాయలు మడివాళ సంతలో పలుచని తొక్కవి ఏరుకోండి, ఆ సాయంత్రానికి ఆ సాయంత్రమే పిండండి. మధ్యాహ్నం పిండి పెట్టిన రసం రాత్రికి చేదెక్కుతుంది. సీసాలో అమ్మే నిమ్మరసం మా ఇంటి గడప దాటి రాదు.

పోయడం

మూడు వంటకాలు వస్తే చాలు. విస్కీ 60 (అంకెలన్నీ మిల్లీలీటర్లు), పెద్ద ముక్క ఒకటి, కావాలంటే ఒక చెంచా నీళ్లు. ఫ్రీజర్‌లోంచి తీసిన ముక్కను గ్లాసులో వేసి రెండు నిమిషాలు ఆగి పోయండి, లేకపోతే టప్పున చీలుతుంది. జిన్ 60, చల్లటి టానిక్ (చేదుగా ఉండే సోడా) 150, పొడుగు గ్లాసు అంచు దాకా ఐసు. టానిక్ చిన్న సీసాలే కొనండి, రెండు లీటర్లది తెరిచిన గంటకు తీపి నీళ్లే. మూడోది రమ్ము 60, నిమ్మరసం 20, పాకం 20, షేకరులో పదిహేను సెకన్లు గట్టిగా ఊపి వడకట్టడం. ఊపడానికి మామూలు ట్రే ఐసు చాలు, మంచి ముక్కలు వృథా చేయకండి. వెర్మూత్, బిట్టర్స్ ఎందుకు కొనిపించానంటారా? ఈ మూడూ చేయి తిరిగాక విస్కీ 60కి వెర్మూత్ 30, బిట్టర్స్ రెండు చుక్కలు కలిపి చూడండి.

నంజుకోవడానికి ఈ ఊరి కాంగ్రెస్ కడలెకాయిని (కారం పట్టించిన వేరుశనగపప్పు) మించింది లేదు. తాగనివాళ్లకు అల్లం, నిమ్మ, పాకం, సోడా. వాళ్లకు కూడా అదే మంచి గ్లాసు, అదే గాజులాంటి ముక్క. స్టీలు గ్లాసులో ఇచ్చి పక్కన కూర్చోబెట్టకండి. బండి నడుపుకుంటూ వచ్చినవాళ్ల తాళాలు మొదటి గ్లాసుకు ముందే తీసి లోపల పెట్టేయండి, ఆ తర్వాత అడిగితే ఇవ్వరు.

మిగిలిన ముక్కలు ఆదివారం పిల్లల షర్బత్‌లోకి పోతాయి. థర్మోకోల్ పెట్టెను కడిగి బాల్కనీలో ఆరబెట్టండి, తడిగా మూలన పడేస్తే వాసన పడుతుంది. మాది మూడేళ్లుగా అదే పెట్టె, మీద ఇన్సులిన్ చీటీ ఇంకా ఉంది.