టిక్ టిక్ ట్యాపెట్లది కాదు

పాత పెట్రోల్ కారు. పొద్దున స్టార్ట్ చేయగానే టిక్ టిక్, వేడెక్కాక తగ్గేది. ట్యాపెట్లు (వాల్వులను తెరిచే భాగాలు) సెట్ చేసినా మారలేదు. ఇలాంటి చప్పుడుకి ముందు సిలిండర్ల పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌నే అనుమానించాలి: అది ఇంజన్‌కి అతికే చోట పొగ లీకయ్యే సందు ఉంటే, లోహం వేడికి సాగి ఆ సందు మూసుకుంటుంది.

దాని మీది హీట్ షీల్డ్ (వేడిని ఆపే రేకు) విప్పితే మూడో పోర్టు (మూడో సిలిండర్ పొగ దారి) దగ్గర నల్లటి మసి చార. ఇంజన్ ఆపి, ఆ సిలిండర్ స్పార్క్ ప్లగ్ వైరు తీసి, స్పేర్ ప్లగ్‌కి తగిలించి, ఆ ప్లగ్‌ని ఇంజన్ లోహానికి ఆనించి (ఎర్త్ చేసి) స్టార్ట్ చేస్తే, ఆ సిలిండర్ మండక టిక్ దాదాపు మాయం. ట్యాపెట్ అయితే అలా ఆగదు. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసే భాగం) ఉన్న బండిని మాత్రం ఇలా ఎక్కువసేపు తిప్పొద్దు.

మానిఫోల్డ్ విప్పాలంటే దాని నట్లకి ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టాలి. లేకపోతే స్టడ్ (నట్టు ఎక్కే మర కడ్డీ) తెగి ఇంజన్ హెడ్‌లో ఉండిపోతుంది, ఆ తర్వాత ఖర్చంతా లేత్ షాపుకే. మానిఫోల్డ్ ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) దూర్చి చూడాలి. వంగి ఉంటే ఫేసింగ్ (ముఖం చదును) చేయించాకే కొత్త గ్యాస్కెట్ (అతుకు మధ్య పెట్టే సీలు). నట్లు మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో బిగించాలి.