మధ్యపదాన్ని విడదీసే ముందు గుర్తు చూడండి

కారణాంక విభజనలో, అంటే బహుపదిని చిన్న బహుపదుల లబ్ధంగా రాయడంలో, ఎక్కువమంది ఆగిపోయేది ఒక్కచోటే: మధ్యపదాన్ని ఏ రెండు సంఖ్యలుగా విడదీయాలో తోచదు. నిజానికి అది తోచాల్సిన పని కాదు, వరసగా వెతకాల్సిన పని. తొమ్మిది, పది తరగతుల్లో వచ్చే వర్గ బహుపదులకు ఈ పద్ధతి చాలు.

12య² + 14య − 40 తీసుకుందాం. (నోటుబుక్కులో ఎక్స్ అని రాసుకోండి. ఇక్కడ య వాడటం కొత్తేమీ కాదు. భాస్కరాచార్యుడి కాలంలోనే తెలియని రాశిని యావత్తావత్ అని పిలిచి, కుదించి ‘యా’ అని రాసేవారు.)

ముందు ఉమ్మడి కారణాంకం బయటికి తీయాలి. మూడు గుణకాలూ 2తో భాగింపబడతాయి కాబట్టి 2(6య² + 7య − 20). ఈ మెట్టు దాటేస్తే 12 × 40 = 480కి జతలు వెతుక్కోవాలి; తీస్తే 6 × 20 = 120తో సరిపోతుంది. బయటికి తీసిన 2ని చివరిదాకా మోయాలి. సమీకరణమైతే రెండువైపులా 2తో భాగించి వదిలేయవచ్చు, బహుపదిలో అలా వదిలితే విలువే మారిపోతుంది. మార్కులు పోయేది తరచుగా ఇక్కడే.

ఇప్పుడు మొదటి గుణకాన్ని స్థిరపదంతో గుణించండి: 6 × (−20) = −120. మనకు కావలసింది గుణిస్తే ఈ లబ్ధం, కూడితే మధ్య గుణకం 7 వచ్చే రెండు సంఖ్యలు. లబ్ధం రుణం అయితే రెండు సంఖ్యల గుర్తులు వేరు, కాబట్టి జతల భేదం చూడాలి. ధనం అయితే గుర్తులు ఒకటే, మొత్తం చూడాలి. ఇది తేల్చుకోకుండా వెతకడం మొదలుపెడితే సరైన జత కళ్లముందున్నా కనపడదు.

120 జతలు వరసగా: 1, 120; 2, 60; 3, 40; 4, 30; 5, 24; 6, 20; 8, 15; 10, 12. ముందుకు వెళ్లేకొద్దీ భేదం తగ్గుతుంది: 119, 58, 37, 26, 19, 14, 7, 2. మనకు కావలసిన 7 దొరికేది 8, 15 దగ్గర. పెద్ద సంఖ్యకు మధ్యపదం గుర్తే వస్తుంది కాబట్టి +15, −8.

6య² + 15య − 8య − 20
= 3య(2య + 5) − 4(2య + 5)
= (2య + 5)(3య − 4)

చివరి రెండు పదాల (−8య − 20) నుంచి −4 బయటికి తీస్తే లోపల −20 కాస్తా +5 అవుతుంది. −4(2య − 5) అని రాస్తే రెండు కుండలీకరణాలు కలవవు. కలవలేదంటే 15, −8 జత తప్పని చెరిపేయకండి, ముందు ఈ గుర్తు చూడండి. −8య ముందు రాసినా ఫరవాలేదు, జవాబు అదే. పూర్తి జవాబు 2(2య + 5)(3య − 4).

జతలు మరీ ఎక్కువైతే విచక్షణి వాడండి. మధ్య గుణకం వర్గంలోంచి నాలుగు రెట్ల లబ్ధం తీసేయాలి: 49 − 4 × (−120) = 49 + 480 = 529, అంటే 23². కావలసిన సంఖ్యలు (7 + 23)/2 = 15, (7 − 23)/2 = −8. వెతుకులాటే లేదు! విచక్షణి పూర్ణవర్గం కాకపోతే, ఉదాహరణకు య² + 5య + 3కి 13 వచ్చినట్టు, పూర్ణసంఖ్యలతో విడదీయడం కుదరదు. అరగంట వృథా కాకుండా కాపాడే లెక్క ఇది.

సర్వసమీకరణాలతో ఒక జాగ్రత్త. 4య² + 13య + 9లో రెండు చివరలూ వర్గాలే అని (2య + 3)² రాసేస్తారు. దాని మధ్యపదం 2 × 2 × 3 = 12 కావాలి, 13 కాదు. సరైన జవాబు (4య + 9)(య + 1). అలాగే 25య² − 49 = (5య + 7)(5య − 7) అవుతుంది గానీ, య² + 9 వాస్తవ సంఖ్యల్లో విడిపోదు.

ఘన బహుపది వస్తే గుణకాలన్నీ కూడండి. య³ − 2య² − 5య + 6లో మొత్తం సున్నా, అంటే (య − 1) కారణాంకం. భాగిస్తే య² − య − 6 మిగులుతుంది. అది (య − 3)(య + 2).

సరిచూసుకోవడానికి య = 1 పెట్టండి: మన మొదటి లెక్కలో 12 + 14 − 40 = −14, జవాబులో 2 × 7 × (−1) = −14. ఒక్క విలువకు తప్పు జవాబు కూడా యాదృచ్ఛికంగా సరిపోవచ్చు కాబట్టి, సమయం ఉంటే కుండలీకరణాలు గుణించే చూడండి.