వేషాలు వేస్తూనే సొంత సినిమా తీయాలంటే

యాక్టింగ్ మానేసి డైరెక్షన్‌లోకి దిగుతా అని ఎవరైనా అంటే నేను ముందు చెప్పేది ఒకటే, మానకు బాబూ అని. చిన్న సినిమాకి మన వేషాల పేమెంటే మొదటి ప్రొడ్యూసర్. అమెరికాలో జాన్ కాసవెట్స్ అని ఒకాయన ఉండేవాడు, పెద్ద కంపెనీల సినిమాల్లో వేషాలేసి ఆ డబ్బు తెచ్చి తన సినిమాల్లో పోసేవాడు. 'ఫేసెస్' చాలావరకు సొంతింట్లోనే 16 ఎంఎం అనే చిన్న సైజు ఫిల్మ్ కెమెరాతో తీసి, ఎడిటింగ్‌కే ఏళ్లు పట్టి చివరికి 1968లో రిలీజ్ చేశాడు. ఆ మధ్యలో వచ్చిన 'ది డర్టీ డజన్'లో వేషానికి ఆస్కార్ నామినేషన్, తర్వాత 'ఫేసెస్' స్క్రీన్‌ప్లేకి ఇంకో నామినేషన్.

సరే, మనం ఎక్కడ మొదలుపెట్టాలి? కథ రాసి లొకేషన్ వెతకడం కాదు, ముందు మన చేతిలో ఏముందో ఒక కాగితం మీద రాసుకో. ఫ్రీగా దొరికే ఇల్లు, బాబాయి కిరాణా షాపు, తెల్లారి ఖాళీగా ఉండే బస్టాండు, అడిగితే వచ్చే నలుగురు యాక్టర్లు. కథ వాటిలోంచే రావాలి. 'కేరాఫ్ కంచరపాలెం' (2018)లో ఎక్కువమంది ఆ ఊరి జనమే కదా, అందుకే ఆ మాట, ఆ నడక ఇంకెక్కడా దొరకవు.

డైలాగ్ దగ్గర మాత్రం యాక్టర్‌కి కొంచెం లాభం ఉంది, నోరు తిరగని లైన్ ఎలా ఉంటుందో మనకి తెలుసు, ఎన్నిసార్లు తిట్టుకుంటూ చెప్పలేదు! సీన్ రాశాక ఫ్రెండ్స్‌ని కూర్చోబెట్టి పైకి చదివించు, తడబడిన చోట పెన్సిల్‌తో గీత పెట్టు, రెండోసారి కూడా అక్కడే తడబడితే తప్పు వాళ్లది కాదు, లైన్ కొట్టేయ్. అవసరాల శ్రీనివాస్, రాహుల్ రవీంద్రన్ ఇద్దరూ యాక్టర్లుగా వచ్చి రాసుకుని తీసినవాళ్లే, రాహుల్ 'చి.ల.సౌ.'కి ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకి నేషనల్ అవార్డు కూడా వచ్చింది.

ఫస్ట్ కట్, అంటే మొదటిసారి ఎడిట్ చేసిన సినిమా, చూసి ఏడుపొస్తుంది, అది మామూలే. కాసవెట్స్ మొదటి సినిమా 'షాడోస్' 1958లో జనానికి చూపించి, నచ్చక, చాలా సీన్లు మళ్లీ తీసి 1959లో కొత్త వెర్షన్ బయటకి తెచ్చాడు. అందుకే ఉన్న డబ్బంతా షూటింగ్‌లోనే ఊదేయకు, ప్యాచ్‌వర్క్‌కి, అంటే సరిగా రాని సీన్లు మళ్లీ తీయడానికి, రెండు మూడు రోజుల ఖర్చు పక్కన పెట్టు. ఆయనలా ఇల్లు తాకట్టు పెట్టమని మాత్రం నేను చెప్పను, 'ఎ ఉమన్ అండర్ ది ఇన్‌ఫ్లుయెన్స్' (1974)కి ఆ పనీ చేశాడు, పైగా డిస్ట్రిబ్యూటర్లు ముందుకు రాకపోతే తనే రిలీజ్ చేసుకున్నాడు.

కెమెరా ఫోనైనా పర్లేదు కానీ సౌండ్ దగ్గర కక్కుర్తి పడొద్దు. యూసుఫ్‌గూడలో ఒక రూమ్‌లో నా షార్ట్ ఫిల్మ్ తీసినప్పుడు ఫ్యాన్ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్ పీకేసి, చెమటలు కక్కుతూ ఏడో టేక్‌కి అమ్మ పాత్ర వేసినావిడ ఏడిస్తే అందరం చప్పట్లు కొట్టాం. ఇంటికెళ్లి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఆవిడ ఏడుపు వెనకాల పక్కింటి టీవీలో మాస్ పాట! డబ్బింగ్‌లో ఆ ఏడుపు మళ్లీ రాలేదు, రైట్స్ గొడవకి భయపడి పాట ఉంచలేకపోయాను, ఇప్పుడైతే షూటింగ్ రోజు పొద్దున్నే పక్కిళ్లకి స్వీట్ బాక్సులు పట్టుకెళ్లి టీవీలు ఎప్పుడెప్పుడు ఆపాలో టైమ్‌తో సహా చెప్పొస్తున్నా.