టార్ బ్రౌజర్ కనెక్ట్ కావడం లేదా? ముందు గడియారం చూడండి

పోయిన చలికాలంలో మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, ఆ ఉల్లిపాయ బ్రౌజర్ రెండుసార్లు తీసేసి మళ్లీ ఎక్కించా. కనెక్ట్ నొక్కితే గీత కాస్త కదిలి ఆగిపోతోంది. మూడోసారి ఎక్కించమంటావా?"

వద్దన్నాను. టార్ అంటే మీరెవరో, ఎక్కడి నుంచి వస్తున్నారో సైట్లకు తెలియకుండా నెట్ చూడనిచ్చే బ్రౌజర్. దాని విషయంలో తీసేసి ఎక్కించడం వల్ల బాగుపడేవి చాలా తక్కువ. లోపం సాధారణంగా బ్రౌజర్‌లో ఉండదు, దాని చుట్టూ ఉంటుంది. ఇంకో సంగతి, జనం లోపం అని చెప్పేవాటిలో కొన్ని అసలు లోపాలే కావు. టార్ తన పని తాను చేస్తున్న గుర్తులు. వాటిని "రిపేరు" చేస్తే ఏ అజ్ఞాతం కోసం దాన్ని తెచ్చుకున్నారో అదే పోతుంది.

టార్ చేసే పని తెలిస్తే మిగతాదంతా సులువు. మీ ట్రాఫిక్‌ను ఉల్లిపాయలా మూడు పొరల రహస్య సంకేతాల్లో చుట్టి, స్వచ్ఛంద సేవకులు నడిపే మూడు రిలేల (అందుకుని ముందుకు పంపే కంప్యూటర్ల) మీదుగా పంపిస్తుంది. మొదటి రిలేకు మీ ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ చిరునామా) తెలుసు, మీరు వెళ్లే చోటు తెలియదు. చివరి రిలేకు చోటు తెలుసు, మీరెవరో తెలియదు. మధ్యదానికి రెండూ తెలియవు.

కనెక్ట్ నొక్కితే మధ్యలో ఆగిపోతుంది

ఆదివారం వెళ్లి చూస్తే బావమరిది డెస్క్‌టాప్‌లో తేదీ 2012 జనవరి 1 అని ఉంది. క్రోమ్ కూడా గడియారం వెనకబడిందని గొణుగుతూనే ఉంది, తను పట్టించుకోలేదు. బ్రౌజింగంతా ఫోన్లోనే. టార్ ఫైలు కూడా వేరేచోట దింపుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు.

టార్‌కు గడియారంతో పనేంటంటారా? ఏ రిలేలు పనిచేస్తున్నాయో చెప్పే జాబితా గంటగంటకూ కొత్తది తయారవుతుంది, దాని మీద చెల్లుబాటు సమయం ఉంటుంది. మీ కంప్యూటర్ 2012లో ఉంటే ఆ జాబితా దానికి భవిష్యత్తు నుంచి వచ్చినట్టు కనిపిస్తుంది. నమ్మదు. నమ్మకపోవడమే దాని ధర్మం.

తేదీ సరిచేయగానే అర నిమిషంలో కనెక్ట్ అయింది. అక్కడితో వదిలేస్తే మర్నాడు కరెంటు పోగానే మళ్లీ 2012కే వెళ్తుంది. సైడ్ ప్యానెల్ విప్పితే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ కనిపిస్తుంది. దాని నంబరు సీఆర్2032. ప్లగ్గు తీసేసి, పక్కనున్న చిన్న క్లిప్పును గోటితో నొక్కితే అది పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టాలి. వాచీలు బాగుచేసే కొట్లో కూడా దొరుకుతుంది.

గంటా నిమిషం సరిగ్గానే ఉన్నాయి కదా అని టైమ్ జోన్ చూడడం మానేయకండి. విండోస్ ఎక్కించినవాళ్లు జోన్‌ను అమెరికా పసిఫిక్ దగ్గరే వదిలేసి, అంకెలు మాత్రం మన టైముకు తిప్పేసిన కంప్యూటర్లు నేను చూశాను. పైకి రాత్రి ఎనిమిది కనిపిస్తుంది, లోపలి లెక్క పన్నెండున్నర, పదమూడున్నర గంటలు తేడాగా నడుస్తుంటుంది. జోన్‌ను యూటీసీ ప్లస్ 5:30కి మార్చి, సమయాన్ని ఆటోమేటిక్‌లో పెట్టండి.

గడియారం బాగానే ఉన్నా ఆగిపోతుంటే సెట్టింగ్స్‌లో కనెక్షన్ పేజీకి వెళ్లి, కిందున్న టార్ లాగ్స్ తెరవండి. చదవడానికి భయపెట్టేలా ఉంటుంది గానీ మనకు చివరి నాలుగు లైన్లు చాలు. బూట్‌స్ట్రాప్డ్ అనే మాట పక్కన ఎంత శాతం ఉందో చూడండి. 5, 10 దగ్గరే నిలిచిపోతే రిలే దాకా చేరే దారి ఎవరో మూసేశారని అనుమానించాలి. హాస్టల్ వైఫై, ఆఫీసు నెట్, ఒక్కోసారి యాంటీవైరస్‌తో వచ్చిన ఫైర్‌వాల్. ఏదో తేల్చుకోవడానికి ఫోన్ హాట్‌స్పాట్ మీద పెట్టి చూడండి. అక్కడ నడిస్తే అడ్డు మీ కంప్యూటర్‌లో లేదు, ఆ నెట్‌లో ఉంది.

అప్పుడు బ్రిడ్జ్ వాడాలి. బ్రిడ్జ్ అంటే బహిరంగ జాబితాలో లేని రిలే. అదే కనెక్షన్ పేజీలో ఓబీఎఫ్ఎస్4, స్నోఫ్లేక్ అని ఉంటాయి. మొదటిది ట్రాఫిక్‌ను ఫలానా అని పోల్చుకోలేని గజిబిజిగా మారుస్తుంది. స్నోఫ్లేక్ వేరే దేశాల్లో మామూలు జనం తమ బ్రౌజర్లలో నడిపే తాత్కాలిక ప్రాక్సీల (మధ్యవర్తి కనెక్షన్ల) మీదుగా తీసుకెళ్తుంది. ముందు మొదటిదే చూడండి, నా అనుభవంలో అది కాస్త వేగం. ఆఫీసు నెట్‌లో నిబంధనలు వద్దంటుంటే మాత్రం బ్రిడ్జ్ పెట్టి మరీ దూరకండి, ఉద్యోగం ముఖ్యం.

"టార్ అన్‌ఎక్స్‌పెక్టెడ్లీ ఎగ్జిటెడ్" అంటుంది

బ్రౌజర్ కిటికీ తెరుచుకుంటుంది, లోపలి టార్ ప్రోగ్రామ్ మాత్రం చచ్చిపోతుంది. చాలావరకు ఇది యాంటీవైరస్ పని. 2023లో విండోస్ డిఫెండర్ కూడా టార్ ఫైలును ట్రోజన్ (మంచి ప్రోగ్రామ్ వేషంలో వచ్చే వైరస్ లాంటిది) అనుకుని పట్టుకెళ్లింది, తర్వాత అది పొరపాటని తేలింది.

అలాగని వెంటనే విడిపించేయకండి. అది నిజంగానే నకిలీ అయితే? 2022లో ఒక చైనా భాషా యూట్యూబ్ వీడియో కింద పెట్టిన లింకు నుంచి కల్తీ టార్ దిగుతోందని క్యాస్పర్‌స్కీ సంస్థ బయటపెట్టింది. చూడ్డానికి అసలుదానిలాగే ఉండి, మీరు తిరిగిన సైట్లూ ఫారాల్లో టైపు చేసిందీ దాచుకునేది. మన దగ్గరా వీడియో కింది లింకులూ టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే ఫైళ్లూ నొక్కడం జనానికి అలవాటే. టార్‌ను టార్‌ప్రాజెక్ట్ డాట్ ఆర్గ్ నుంచి తప్ప ఎక్కడా దింపుకోవద్దు. ఆ సైటు మీ నెట్‌లో తెరుచుకోకపోతే వాళ్లదే గెట్‌టార్ అనే సేవ ఉంది, ఈమెయిల్ పెడితే లింకులు పంపుతుంది.

దింపిన ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ చూడండి. సంతకం టార్ ప్రాజెక్ట్ పేరు మీద ఉండాలి. డీటెయిల్స్ నొక్కితే అది చెల్లుతుందని రావాలి. ఆ ట్యాబే లేకపోతే ఫైలు చెత్తబుట్టకే. ఇంకా గట్టి రుజువు కావాలంటే సైట్లో ఫైలు పక్కనే సిగ్నేచర్ ఫైలు ఉంటుంది, దాన్ని జీపీజీ అనే సంతకాలు తనిఖీ చేసే ప్రోగ్రామ్‌తో సరిచూసుకోవచ్చు. సంతకం సరిపోతేనే విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీకి వెళ్లి రిస్టోర్ కొట్టి, టార్ బ్రౌజర్ ఫోల్డర్‌ను మాత్రం ఎక్స్‌క్లూజన్స్‌లో (మినహాయింపుల్లో) చేర్చండి. యాంటీవైరస్ మొత్తాన్ని ఆపేయడం దోమ కుడుతోందని తలుపు తీసి పడుకోవడం లాంటిది.

చిన్నచిన్న పేచీలు

"ఇప్పటికే నడుస్తోంది, స్పందించడం లేదు" అని వస్తే టాస్క్ మేనేజర్ తెరిచి, మిగిలిపోయిన టార్ బ్రౌజర్‌ను ఎండ్ టాస్క్ చేయండి. అది ఫైర్‌ఫాక్స్ పేరుతో కనిపించవచ్చు, ఎందుకంటే టార్ బ్రౌజర్ కట్టింది ఫైర్‌ఫాక్స్ మీదే. మీ మామూలు ఫైర్‌ఫాక్స్ కూడా తెరిచి ఉంటే ముందు దాన్ని మూసేయండి.

ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఎక్కించి అనుమతుల గొడవ తెచ్చుకోకండి. అది సొంత ఫోల్డర్‌లోనే రాసుకునే రకం, డెస్క్‌టాప్‌లో పెట్టమనేది అందుకే. డెస్క్‌టాప్ వన్‌డ్రైవ్‌కు కాపీ అవుతుంటే మాత్రం వేరే ఫోల్డర్ చూపించండి. అజ్ఞాతం కోసం తెచ్చినదాన్ని పేరుతో సహా క్లౌడ్‌లో పెట్టడం ఎందుకు?

విండోస్ 7, 8 ఉన్నవాళ్లకు 14వ వెర్షన్ నుంచి తలుపులు మూసేశారు. విండోస్ 10 లేదా ఆపైది కావాలి.

తెరుచుకుంది గానీ ఏదో తేడాగా ఉంది

ఇక్కడే చేతులు కట్టుకోవాలి.

గూగుల్ జర్మన్‌లో పలకరిస్తోందా? మీ చివరి రిలే జర్మనీలో ఉంది, అంతే. చిరాకైతే అడ్రస్ బార్‌లో సర్క్యూట్ (మూడు రిలేల దారి) గుర్తు నొక్కి ఆ సైటుకు కొత్త సర్క్యూట్ అడగండి. సెట్టింగుల ఫైల్లో ఇండియా రిలేలే వాడమని రాసే చిట్కా కొందరు చెబుతారు. రాయకండి. దారులు తగ్గేకొద్దీ మిమ్మల్ని పట్టడం సులువవుతుంది.

నెమ్మదిగా ఉందంటే ఉంటుంది, పేజీ మూడు మజిలీలు తిరిగి రావాలి. బొమ్మల్లో ట్రాఫిక్ లైట్లు గుర్తుపట్టమని పదేపదే అడుగుతోందంటే మీతోపాటు ఎందరో అదే రిలేలోంచి వస్తున్నారని. సైట్లో బటన్లు పనిచేయకపోతే కవచం బొమ్మ నొక్కి చూడండి, భద్రత సేఫెస్ట్‌లో ఉంటే పేజీలో బటన్లను నడిపే జావాస్క్రిప్ట్ ఆగిపోతుంది. బ్యాంకు, చాలా ప్రభుత్వ సైట్లు విదేశీ ఐపీని చూసి గుమ్మంలోనే ఆపేస్తాయి. వాటికి మామూలు బ్రౌజర్ వాడండి. పాన్ నంబరు ఇచ్చి లాగిన్ అయ్యాక ఇంక అజ్ఞాతం ఏముంది?

కిటికీ పెద్దది చేస్తే అంచుల్లో బూడిద రంగు పట్టీలు వస్తాయి. మీ తెర అసలు కొలత సైటుకు తెలియకుండా, అందరివీ కొన్ని కొలతల్లోకే సర్దే ఏర్పాటు అది.

తెలుగువాళ్లకు వింతగా తోచేది అక్షరాల సంగతి. నా కంప్యూటర్‌లో మండలి, రామభద్ర, సూరన్న, డీటీపీ కోసం అను ఫాంట్లు అన్నీ ఉన్నాయి. టార్‌లో తెలుగు పేజీ తెరిస్తే అవేవీ కనబడవు, అక్షరాల పోకడే వేరుగా ఉంటుంది. మొదట్లో నేనూ పాడైందనుకుని ఒక సాయంత్రం తగలేశాను. తర్వాత తెలిసింది. ఒక్కో ఫాంట్‌లో అక్షరాల వెడల్పు కొలిచి, మీ దగ్గర ఏవేం ఫాంట్లున్నాయో సైట్లు పసిగట్టగలవు. రామభద్రతో పాటు అను ఫాంట్లున్న కంప్యూటర్లు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి? ఆ జాబితా ఒక్కటే చాలు, ఇతను తెలుగువాడు, బహుశా డీటీపీ చేస్తాడు అని చెప్పడానికి. అందుకే టార్ కొన్ని ఫాంట్లనే బయటికి చూపిస్తుంది. అందం కోసం ఆ సెట్టింగ్ మార్చకండి, యాడ్‌ఆన్‌లూ తగిలించకండి.

ఇవన్నీ చూశాక వద్దనిపిస్తే ఫోల్డర్ డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే సరిపోతుంది. బావమరిది ఉంచుకున్నాడు. గడియారం ఇప్పుడు సరిగ్గా నడుస్తోంది.