గుంటలో బురద నీళ్లు పటికతో ఇలా తేటపడ్డాయి

కోవూరు దగ్గర మా చేపల గుంటకు కాలవ నీళ్లు పెట్టాక ఎర్రరంగు ఎన్నాళ్లకీ వదల్లేదు. మోచేతి దాకా ముంచితే వేళ్లు కనిపించవు. ఎండ లోపలికి దిగకపోతే చేపలకు మేతయ్యే సూక్ష్మజీవులు, అదే ప్లాంక్టన్, పెరగదు, అదీ టెన్షన్.

బంకమట్టి రేణువులు 2 మైక్రాన్ల కన్నా చిన్నవి. పైన రుణావేశం ఉండటంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్లలోనే తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియానికి ధనావేశం. అది చేరితే ఆ నెట్టుడు తగ్గి రేణువులు అతుక్కుంటాయి. కృష్ణపట్నం వైపు ఉప్పునీటి గుంటల్లో ఈ బాధ తక్కువ, ఉప్పే ఆ పని చేసిపెడుతుంది. అదృష్టవంతులు!

ముందు బకెట్లలో పటిక మోతాదు మార్చి మార్చి చూశాను. లీటరుకు 25 మిల్లీగ్రాములు వేసినదాంట్లో అటుకుల్లాంటి తునకలు కట్టి, మెల్లగా దిగి, బకెట్ అడుగున గీతలు కూడా కనిపించాయి. మీటరు లోతుంటే ఆ లెక్కన ఎకరాకు సుమారు 100 కిలోలు.

పటిక ఆల్కలినిటీని, అంటే నీళ్లకు ఆమ్లాన్ని తట్టుకునే శక్తిని, తినేస్తుంది, పీహెచ్ పడిపోతుంది. అందుకే ముందుగా వ్యవసాయ సున్నం చల్లించి, తర్వాత పటికను నీళ్లలో కరిగించి, గాలి లేని పొద్దున, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆపి గుంటంతా చల్లించాం. నీళ్లు కదిలితే తునకలు విరిగిపోతాయి. ఇప్పుడు గట్ల మీద గడ్డి నాటిస్తున్నాం, వానకు మట్టి మళ్లీ జారకుండా.