తెల్లబట్ట పరీక్ష రిపోర్టు ఎలా చదవాలి?

కల్చర్ (శాంపిల్‌లోని సూక్ష్మజీవుల్ని ల్యాబ్‌లో పెంచి చూడడం) రిపోర్టులో ‘క్యాండిడా గ్రోత్’ (క్యాండిడా ఒక ఫంగస్) అనో ‘ఈ కోలై’ (ఒక బ్యాక్టీరియా) అనో లావు అక్షరాల్లో కనబడగానే జబ్బు ఖాయమనుకోకండి. దురద, మంట ఏమీ లేని ఆడవాళ్లలోనూ నూటికి పది ఇరవై మందిలో క్యాండిడా దొరుకుతుంది. ఈ కోలై పేగుల నుంచి యోనిలోకి చేరడం మామూలే. దాని కింద ఉండే యాంటీబయాటిక్ పట్టిక చూసి మందుల షాపులో మాత్రలు కొనుక్కుంటే, మేలు చేసే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా చచ్చి, లేని ఫంగస్ మొదలవ్వొచ్చు. అందుకే కల్చర్ పేజీని చివర చదవండి.

ముందు పీహెచ్ (స్రావం ఎంత ఆమ్లంగా ఉందో చెప్పే అంకె; ఆమ్లం తగ్గితే ఇది పెరుగుతుంది) చూడండి. నెలసరి వచ్చే వయసులో 3.8 నుంచి 4.5 దాకా ఉంటే సరే. మెనోపాజ్ దాటాక అంతకు మించడం సహజం. నెలసరి రక్తం, వీర్యం కలిసినా అంకె పెరుగుతుంది. కాబట్టి శాంపిల్‌కు ముందు రెండు రోజులు కలయిక, లోపల కడుక్కోవడం, క్రీములు మానాలి.

తర్వాత మైక్రోస్కోపు వివరాలు. ‘ఎపిథీలియల్ సెల్స్’ అంటే రాలిన పైపొర కణాలు, వాటితో భయం లేదు. పస్ సెల్స్ (చీము కణాలు, అంటే తెల్లరక్త కణాలు) కొన్ని ఉండొచ్చు; ఎపిథీలియల్ కణాలను మించితే మాత్రం కారణం వెతకాలి. అలాంటి కారణాల్లో ఒకటైన క్లమీడియా (కలయిక ద్వారా సోకే బ్యాక్టీరియా) మామూలు కల్చర్‌లో పెరగదు, దానికి పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) కావాలి.

అంచులు కనబడనంతగా బ్యాక్టీరియా అంటుకున్న కణాలే ‘క్లూ సెల్స్’. ఇవి 20 శాతం దాటడం, పీహెచ్ 4.5 మించడం, పల్చటి బూడిదరంగు తెల్లబట్ట, కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం) చుక్క వేస్తే చేపల వాసన: ఈ నాలుగింటిలో మూడుంటే బ్యాక్టీరియల్ వజైనోసిస్ (యోనిలో మంచి బ్యాక్టీరియా తగ్గి వేరేవి పెరిగిపోవడం). న్యూజెంట్ స్కోరు (స్లైడుపై ఏ రకం బ్యాక్టీరియా ఎంత ఉందో చూసి వేసే మార్కు) ఇస్తే 0–3 మామూలు, 4–6 మధ్యస్థం, 7–10 వజైనోసిస్.

ఈస్ట్ (ఫంగస్ కణాలు), సూడోహైఫే (వాటి పోగులు) కనబడి, విరిగిన పాలలాంటి తెల్లబట్ట, దురద కూడా ఉంటే ఫంగస్. ఇందులో పీహెచ్ సాధారణంగా పెరగదు.

‘ట్రైకోమోనాస్ నాట్ సీన్’ (కలయిక ద్వారా సోకే ఈ పరాన్నజీవి కనబడలేదు) అన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. కదలికను బట్టే దాన్ని గుర్తుపడతారు. స్లైడు చూడడం కాస్త ఆలస్యమైతే కదలిక ఆగిపోతుంది. పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో నురగ తెల్లబట్ట ఉంటే పీసీఆర్ అడగండి. పాజిటివ్ వస్తే భర్తకూ మందు వాడాలి, లేకపోతే మళ్లీ అంటుకుంటుంది.

నెల మధ్యలో గుడ్డు తెల్లసొనలా సాగే స్రావం, బట్టపై ఆరి లేత పసుపైన మరక జబ్బు కాదు. పొత్తికడుపు నొప్పి, జ్వరం, కలయిక తర్వాత రక్తం, గర్భం ఉంటే రిపోర్టు నార్మల్ అయినా గైనకాలజిస్టుకు చూపించండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఈ పరీక్ష పట్టుకోలేదు. దానికి పాప్ స్మియర్ (ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష) వేరే చేయించాలి.