కీమో నడుస్తుండగా కండ కరిగిపోకుండా ఎలా చూసుకోవాలి?

కీమో మొదలైన రెండో నెలలో కూడా కాటా మీద మా నాన్నగారి బరువు తగ్గలేదు. పరవాలేదనుకున్నాం. చేతి గడియారం మాత్రం మణికట్టు దగ్గర నిలవక మోచేతి వైపు జారిపోయేది. పాదాలకు పట్టిన నీరు కాటాను మోసం చేసింది. అందుకే వారానికోసారి చేతులు ఊతం పెట్టకుండా కుర్చీలోంచి లేవమనండి. పోయిన వారం లేచిన మనిషి ఈ వారం లేవలేకపోతే ఆ మాట డాక్టరుగారికి చెప్పాల్సిందే.

ఇక పథ్యం. మా కోనసీమలో జబ్బు మనిషనగానే చేప, గుడ్డు మాన్పించి చారన్నం పెడతారు. కీమోలో ఇది తలకిందుల పని. కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ అందాలి, అంటే 60 కిలోల మనిషికి 60–90 గ్రాములు. గుడ్డులో 6, గ్లాసు పాలలో 6–7, వంద గ్రాముల చేపలో 18–20 గ్రాములుంటాయి. చారన్నంలో ఎంతుంటుందో మీరే చూసుకోండి. కిడ్నీ ఇబ్బంది ఉంటే మాత్రం ఈ లెక్క డాక్టరే వేయాలి.

వాసనకే వాంతొస్తుందని కొరమీను పులుసు పెరట్లో కాచేవాళ్లం. బాగా చల్లారాక పెడితే రెండు ముక్కలు దిగేవి. నోరు ఇనుము నాకినట్టుందంటే స్టీలు చెంచా మాని ప్లాస్టిక్ చెంచాతో పెట్టండి. నోట్లో పుళ్లున్న రోజు పులుపూ కారమూ వద్దు; గట్టిగా ఉడికిన గుడ్డు మెత్తటి పెరుగన్నంలో చిదిమి పెట్టండి. సొన కారే గుడ్డు పెట్టొద్దు, ఇన్‌ఫెక్షన్ భయం. మూడు పూటలని పట్టుబట్టకుండా ఆరేడుసార్లు కొంచెం కొంచెంగా ఇవ్వండి.

అప్పటికీ ప్రొటీన్ లెక్క అందకపోతేనే పొడి డబ్బా. వే ప్రొటీన్ (పాల విరుగుడు నీటి నుంచి తీసే పొడి) ఒక స్కూపులో సుమారు 20–25 గ్రాములుంటుంది, చల్లటి పాలల్లో కలిపితే నాన్నగారు వంక పెట్టకుండా తాగేవారు. చేపనూనె గుళికలు కొందరికి ఆకలి పుట్టిస్తాయి, కానీ పరిశోధనల ఫలితాలు ఒకేలా లేవు. ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) పడిపోయినప్పుడు డాక్టరుగారిని అడగకుండా వేయొద్దు. బంధువులు తెచ్చే పసుపు గుళికలు, ఆకు పసర్లు, పెద్ద డోసు విటమిన్ సి, ఇ బిళ్లలు బీరువాలోనే ఉంచండి. వాటిలో కొన్ని, కీమో మందు పనికే అడ్డు రావచ్చు. అన్ని సీసాలూ సంచిలో వేసి డాక్టరుగారికి చూపించాం, రెండే మిగిలాయి.

ఎంత తిన్నా పడుకునే ఉంటే కండ నిలవదు. కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడం, ఓపికున్న సాయంత్రం కాలవ గట్టు మీద నాలుగడుగులు. జ్వరం 100.4 డిగ్రీలు తాకితే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి, అర్ధరాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి.